ఇద్దరుంటేనే కదిలే బండి

ఖర్జూరాల దుకాణానికి వచ్చినవాళ్లు ముందు బండి పక్కన నిలబడి ఫోటో దిగుతారు. ఆ తరవాత నన్ను అడుగుతారు, ఇది నడుస్తుందా అని. మొదట్లో ఓపికగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు "నడవదు సార్, మెట్టు మీద కాలు పెట్టకండి" అని ఊరుకుంటాను. వద్దంటే పెట్టి తీరాలని వీళ్లకు ఎవరు నేర్పారో తెలియదు. వాళ్లు పోయాక ఆ బూటు మచ్చ తుడవాల్సింది నేనే.

నిజానికి అది నడిచింది. ఒకే ఒక్క మధ్యాహ్నం. నడిపింది నేను, మంట వేసింది మా బావ.

నూరేళ్లు పైబడ్డ ఆవిరి లారీ అది. పెట్రోలు లారీలు ఇంకా కాళ్లూనుకోని రోజుల్లో ఇంగ్లండులో ఏదో పిండిమిల్లు నుంచి రొట్టెల దుకాణాలకు బస్తాలు చేరవేసిందట. ముందు వైపు చూస్తే రైలింజను, వెనక్కి వెళ్లి చూస్తే లారీ. పొడుగాటి బాయిలరు, దాని కొసన పొగగొట్టం, గాలి లేని గట్టి రబ్బరు చక్రాలు, వెనక చక్రాన్ని లాగే లావుపాటి గొలుసు. పక్క చెక్క మీద రంగంతా వెలిసిపోయి ఒక గోధుమ కంకి బొమ్మ మాత్రం మిగిలింది. మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, అంటే మా కఫీల్, వాళ్ల నాన్న ఎప్పుడో ముచ్చటపడి ఓడ మీద తెప్పించి, ఇక్కడ ఎమిరేట్స్‌లో ఖోర్ ఫక్కాన్ కొండల పక్కన తన షెడ్డులో పెట్టుకున్నాడు. ఆయన పోయాక దాన్ని పట్టించుకున్నది మేకలే. ఎండాకాలం దాని కింద పడుకునేవి.

ఆ షెడ్డులోనే మా పని. నీళ్ల ట్యాంకర్లకు తొట్లు వెల్డింగ్ చేసేవాళ్లం. కరోనా వచ్చి పడ్డాక కొత్త ట్యాంకరు అడిగేవాడు లేడు. గుంపులు గుంపులుగా మనుషుల్ని విమానం ఎక్కించారు. ప్రతిసారీ పేర్లు చదివేటప్పుడు నేనూ బావా ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లం కాదు. చూసుకుంటే కళ్లల్లో భయం బయటపడుతుందని. మా ఇద్దరి వంతు రాకుండా పోతోందంటే సంతోషించాలో, రేపు వస్తుందని ఏడవాలో తెలిసేది కాదు.

నా సంగతి ఎలాగోలా గడిచేది. ఒంటిగాణ్ణి. బావకు మాత్రం ఇక్కణ్ణించి పోవడమంటే మా అక్కను వదిలి పోవడం.

ఇది చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. బావ పెళ్లయిన కొత్తల్లోనే దుబాయ్ వచ్చేశాడు. సెలవు దొరికినప్పుడు ఊరికి పోవడం, మామిడికాయ పచ్చడి సీసాలు మోసుకుని తిరిగి రావడం. అంతే వాళ్ల కాపురం. పిల్లలు లేరు. ఎవరైనా అడిగితే "ఫోన్ల కాపురం జేస్తే పిల్లలెట్ల అయితరు వదినా" అని అక్కే నవ్వేది. ఆ నవ్వు వినలేక నేను లేచి వెళ్లిపోయేవాణ్ణి. చివరికి అక్క తెగించి షార్జాలో ఒక ఇంట్లో వంటకు కుదిరి తనూ వచ్చేసింది. మొగుడు దగ్గరికి రాకపోతే తనే మొగుడి దగ్గరికి వచ్చింది.

అలాగని ఒక ఇంట్లో ఉన్నారా అంటే లేదు. అక్క మేడమ్ వాళ్ల ఇంట్లో, బావ మా షెడ్డు క్యాంపులో. శుక్రవారం బావ బస్సెక్కి కొండలు దాటి షార్జాలో రోలా బజారుకు వెళ్లేవాడు. అక్క డబ్బాలో అన్నం సర్దుకుని వచ్చేది. మూసి ఉన్న దుకాణాల మెట్ల మీద, మాస్కులు గడ్డం కిందికి లాక్కుని, ఇద్దరూ ఒకే డబ్బాలో తినేవాళ్లు. పోలీసు బండి వస్తే దూరం జరిగి, వెళ్లిపోతే మళ్లీ దగ్గరికి జరిగేవాళ్లు. నేనూ ఎప్పుడైనా వెంట వెళ్లేవాణ్ణి కాని, తిని ఏదో వంకతో బజారులోకి పోయేవాణ్ణి. నడివయసు మొగుడూపెళ్లాలు అలా మెట్ల మీద పక్కపక్కన కూర్చుంటే నాకు సిగ్గూ, జాలీ రెండూ కలిగేవి.

అలాంటి రోజుల్లో కఫీల్‌కు నాన్న బండి గుర్తొచ్చింది. సముద్రం ఒడ్డు రోడ్డు మీద ఖర్జూరాల దుకాణం తెరుస్తున్నాడు. రోజూ సాయంత్రం ఈ ఆవిరి బండి మీద షెడ్డు నుంచి ఖర్జూరం పెట్టెలు దుకాణానికి చేరాలి, జనం చూడటానికి రావాలి. అదీ ఆయన ఆలోచన. మా ముదీర్, అంటే మేనేజరు, కేరళ మనిషి, నెమ్మదస్తుడు, బాయిలరు గురించి కొద్దిగా చదువుకున్నవాడు, మమ్మల్ని పిలిచాడు. ఊళ్లో మేమిద్దరం బాయిల్డ్ రైస్‌మిల్లులో ఊకతో బాయిలరు కాల్చినవాళ్లమని ఆయనకు తెలుసు.

"ఇస్ గాడీ కో దో ఆద్మీ చాహియే" అన్నాడు. "ఏక్ చలానే వాలా, ఏక్ ఆగ్ వాలా. నడిపేవాడొకడు, మంటవాడొకడు. బండి నడిస్తే మీ ఇద్దరి వీసా ఉంటుంది. నడవకపోతే దుకాణం ముందు బొమ్మలా పెడతాం. బొమ్మకు తుడిచేవాడు ఒకడు చాలు."

బయటికి వచ్చాక బావ ఆ బండిని పెళ్లిచూపుల్లో చూసినట్టు చుట్టూ తిరిగి చూశాడు. డీజిలు లారీ వచ్చి మంటవాడి పని ఊడగొట్టిందట ఇంగ్లండులో. ఒక్కడితో నడిచే బండి ముందు ఇద్దరి జీతం తినే బండి ఎలా నిలుస్తుంది? ఆ ఓడిపోయిన బండే ఇప్పుడు మా ఇద్దరికీ దిక్కయింది.

"ఇద్దరు లేకుంటే కదలదు బామ్మర్దీ" అన్నాడు బావ. "దేవుడే తోలిండు దీన్ని."

ప్రాణం పెట్టి పనిచేశాం. మేకల పెంట కడగడంతో మొదలుపెట్టాం. తుప్పు గీకాం, గొలుసుకు గ్రీజు పట్టించాం, పంపులు విప్పి బిగించాం. మొదటిసారి రాజేసినప్పుడు అసలు బొగ్గు ఇంకా రాలేదని, కబాబుల హోటలు వాళ్లు వాడే బొగ్గు వేశాడు బావ. షెడ్డంతా కమ్మటి వాసన వచ్చి అందరికీ ఆకలేసింది గాని ఆవిరి లేవలేదు. ఆ రోజు ఎంత నవ్వామో. అన్ని నెలల్లో మేం నవ్వింది ఆ ఒక్కసారే.

అసలు బొగ్గు వచ్చింది, ఆవిరీ లేచింది. దానితో పాటే కారడమూ మొదలైంది. బాయిలరు లోపల మంట పోయే గొట్టాలుంటాయి. అవి ముసలివైపోయి, బిగించిన చోటల్లా చెమటలా నీళ్లు వదులుతున్నాయి. కొత్త గొట్టాలకు ముదీర్ చెప్పి పంపాడు. ఓడలన్నీ ఎక్కడివక్కడ ఆగిన కాలం, అవి రాలేదు. అవి వచ్చేదాకా నిప్పు పెట్టొద్దన్నాడు. ఆయన అన్నది ముమ్మాటికీ సరైన మాట. కాని కఫీల్ దుకాణం తెరిచే రోజు ఖాయం చేసేశాడు. ముదీర్ మధ్యేమార్గం చెప్పాడు. ఆ రోజుకు కారడం ఆగితే నడపండి. కారితే మాత్రం నడపనివ్వను, ట్రాలీ మీద తీసుకెళ్లి పూలదండ వేసి నిలబెడతాం, ఖలాస్.

బావ తిండి మానేశాడు. నేను పడుకున్నా అతను షెడ్డులోనే ఉండేవాడు. శుక్రవారం వచ్చినా రోలా వెళ్లలేదు. "మీ అక్కకు ఏమని జెప్పాలె మొఖం వెట్టుకొని" అన్నాడు. నేను కసిరాను. ఏడుపు మొహం పెట్టుకుంటే గొట్టాలు బిగుస్తాయా అన్నాను. నాకు భయమేస్తే నోరు ఇలాగే లేస్తుంది.

దుకాణం తెరవడానికి ముందు రోజు పొద్దున నేను షెడ్డులోకి వెళ్లేసరికి బండి ఆవిరి మీద ఉంది. కింద నేల పొడిగా ఉంది. ఒక్క చుక్క లేదు. వంగి, పాకి, చేత్తో తడిమి చూశాను. బావ కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి కాని మొహం మాత్రం వెలిగిపోతోంది. "బిగిచ్చిన" అన్నాడు. అంతే, ఇంకేమీ చెప్పలేదు. ముదీర్ వచ్చి టార్చి వేసి చూసి, తల గోక్కుని, సరే అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. బావ అక్కకు ఫోన్ చేసి "రేపు వచ్చి చూడు, నీ మొగడు రైలు నడుపుతుండు" అన్నాడు. అక్క మేడమ్‌ను బతిమాలింది. పిల్లల్ని సముద్రానికి తీసుకెళ్లే షికారు ఆ రోజుకే పెట్టించింది.

మర్నాడు మధ్యాహ్నం ఎండ కాస్త తగ్గాక బయల్దేరాం. వెనక ఖర్జూరం పెట్టెలు, వాటి మీద కొత్త చాప. నేను చక్రం పట్టుకున్నాను, పక్కన బావ పార పట్టుకున్నాడు. షెడ్డు గేటు దాటేటప్పుడు బావ ఈల తాడు లాగితే మేకలన్నీ చెదిరి పరిగెత్తాయి. ముందు ముదీర్ కారు, వెనక మేము. మనిషి పరిగెత్తితే దాటిపోయేంత నెమ్మదిగా పోతున్నాం. ఎదురొచ్చే కార్లు ఆగిపోయాయి. బాల్కనీల్లోంచి ఫోన్లు చాచారు. బావ నిటారుగా నిలబడి, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, ఎవరు చెయ్యి ఊపినా తిరిగి ఊపుతున్నాడు. అన్నేళ్లలో అతణ్ణి అంత పొడుగ్గా నేను చూడలేదు.

కొండ వాలు దిగి సముద్రం కనబడే మలుపు దగ్గర నా చెంప మీద ఏదో తడి పడింది. తుడుచుకుంటే గోధుమరంగు మచ్చ. పొగగొట్టం లోంచి ఆవిరితో పాటు నీటి తుంపర ఎగురుతోంది. అప్పుడు వచ్చింది ఆ వాసన.

కుడితి వాసన.

ఉడికిన తవుడు వాసన అది. బర్రెలకు పెట్టే కుడితి వాసన పట్టుకోవడానికి నాకు ముక్కు అక్కర్లేదు, ఎముకలకే తెలుస్తుంది. మా మిల్లులో గొట్టాలు కారితే పాత మేస్త్రీలు చేసే పని ఒకటుంది. బాయిలరుకు పోయే నీళ్లలో గంపెడు తవుడు కలిపేవాళ్లు. అది కారే సందుల్లోకి పోయి ఉడికి గట్టిపడి, కొత్త గొట్టాలు వచ్చేదాకా కాపాడేది. అందరం చేసేదే. కాని మిల్లు బాయిలరు కూర్చున్న చోటే ఉంటుంది. ఇది గతుకుల మీద ఊగుతూ నడుస్తుంది. లోపల తవుడు నీళ్లు పాలు పొంగినట్టు పొంగుతాయి. ఒట్టి నురగే నీళ్లలా కనబడుతుంది. అసలు నీళ్లు దిగిపోయి వాటి కింద ఉండే పొయ్యి కప్పు ఎండితే, ఆ ఇనుము మెత్తబడి బాయిలరు పేలుతుంది.

"బావా, తవుడేసినవా?"

"ఏడిది తవుడు? ఇక్కడ యాడ దొరుకుతది?"

"మరి మేకల పొట్టు?"

అతను పొయ్యి వైపు తిరిగిపోయాడు. మేకలకు పెట్టే గోధుమ పొట్టు బస్తాలు షెడ్డులో గోడ పొడుగునా ఉంటాయి.

"గ్లాసు సూడు, నిండుగున్నది" అన్నాడు చివరికి. బాయిలరులో నీళ్లెంత ఉన్నాయో చూపే గాజు గొట్టం నిజంగానే అంచుదాకా నిండుగా ఉంది. అదే నన్ను భయపెట్టింది. గతుకు వచ్చినా అందులో నీళ్లు కదలడం లేదు. గాజు మీద నమ్మకం లేనప్పుడు తిప్పి చూసుకోవడానికి పక్కనే చిన్న నల్లాలుంటాయి. బ్రేకు వేసి, కింది నల్లా తిప్పాను. నీళ్లు ధారగా రావాలి. బుసబుసమని నురగ వచ్చింది.

"మంట తీసేద్దాం" అన్నాను.

బావ నా చెయ్యి పట్టుకున్నాడు. వెల్డింగ్ చేసి చేసి ఇనుములా అయిన చెయ్యి అది. "అగో దుకాణం కనవడుతుంది. గంతదాక పోనియ్యి. నీ కాళ్లు మొక్కుత. గా గేటు కాడ ఆపినంక నువ్వు ఏం జెప్పినా ఇంట."

"పేలితే?"

"పేల్తే పేలనీ. ఇంటికి పోయినా గంతే గద."

ఆ మాట విన్నాక నాకు కోపం కూడా రాలేదు. ఏడుపొచ్చింది. ముదీర్ కారు ఆగిపోయింది. దుకాణం ముందు కందూరాలనే తెల్లటి పొడుగు అంగీలు వేసుకున్న అతిథులు వరసగా నిలబడి ఉన్నారు. చప్పట్లు వినబడుతున్నాయి. మేం ఆలస్యం చేస్తున్నామని జనమే మా వైపు రావడం మొదలుపెట్టారు. నేను చెయ్యి విడిపించుకోలేకపోయాను. అతను నాకంటే బలమైనవాడు.

ఆ జనంలోంచి అందరికంటే ముందు మా అక్క వస్తోంది. ఒక చేత్తో మేడమ్ వాళ్ల చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని, ఇంకో చేత్తో చున్నీ సర్దుకుంటూ, పరుగులాంటి నడకతో. మాస్కు ఉన్నా నవ్వుతోందని తెలుస్తోంది. మొగుడి రైలు దగ్గరనుంచి చూద్దామని సరాసరి బాయిలరు వైపే వస్తోంది.

బావ చూశాడు. నా చెయ్యి వదిలేశాడు.

"అక్కడ్నే ఆగూ! రాకు!" అని అతను వేసిన కేక ఈలకంటే గట్టిగా వినబడింది. అక్క ఆగిపోయింది. నేను పొడుగాటి ఇనుప కొక్కెంతో నిప్పులు బయటికి లాగుతుంటే, బావ దిగి రోడ్డు పక్క ఇసుక పారతో ఎత్తి పొయ్యి లోపలికి విసిరాడు. రోడ్డు అంచున కొత్తగా పరిచిన రంగురాళ్ల మీద ఎర్రటి నిప్పులు కుప్పపడ్డాయి. పొగ, ఇసుక, కుడితి వాసన. జనం ఇదీ ఆటలో భాగమే అనుకుని కాసేపు ఫోటోలు తీశారు. తరవాత ముదీర్ చేతులు ఊపుతూ అందర్నీ వెనక్కి తరిమాడు. ఆవిరి బుస్సుమంటూ దిగిపోయి, బండి చచ్చిన పశువులా నిలబడిపోయింది. ఖర్జూరం పెట్టెలు పికప్ మీద వెళ్లాయి.

చల్లారాక ముదీర్ అడుగు మూత విప్పించాడు. చిక్కటి జావ బయటికి కారింది. ఎవరేశారని ఆయన అడగకముందే బావ "మైనే డాలా సాబ్, ఇస్ కో మాలూమ్ నహీ" అన్నాడు, వేసింది తనే, నాకు తెలియదని. ముదీర్ అరవలేదు. అరిచినా బాగుండేది. చేతులు తుడుచుకుని, "దుకాణం ముందు పెట్టేద్దాం" అన్నాడు. అంటే ఒకడు చాలు.

బావ పోయే రోజు అక్కకు సెలవివ్వలేదు. విమానాశ్రయానికి నేను ఒక్కణ్ణే వెళ్లాను. లోపలికి పోతూ వెనక్కి తిరిగి "మీ అక్కను సూసుకో" అన్నాడు. నేను చెయ్యి ఊపాను. ఆ మలుపు దగ్గర రంగురాళ్ల మీద నిప్పు మచ్చలు ఇప్పటికీ పోలేదు. నేనే ఉప్పుకాగితం పెట్టి రుద్దుతుంటాను.

బావ ఇప్పుడు మళ్లీ ఆ మిల్లులోనే బాయిలరు కాలుస్తున్నాడు. ఇద్దరిలో ఒకరు ఇక్కడ సంపాదించకపోతే ఇల్లు నిలవదు కాబట్టి అక్క ఉండిపోయింది. బావ ఫోన్ చేస్తే "బండి తుడిచినవా?" అని అడుగుతాడు. తుడిచాను అంటాను. ఆ రోజు గురించి మాత్రం ఎప్పుడూ ఏమీ అడగడు.

ఈ దేశంలో వారపు సెలవు శుక్రవారం నుంచి ఆదివారానికి మారాక అక్కకూ ఆదివారమే సెలవు. రోలాలో ఆ మెట్ల మీదకే డబ్బా పట్టుకుని వస్తుంది. ఇప్పుడు పక్కన కూర్చునేది నేను. మొన్నొక ఆదివారం అన్నం కలుపుతూ, నా వైపు చూడకుండా అడిగింది.

"తమ్మీ, పొయ్యి కప్పుల సీసం బిళ్ళ ఉంటదట గద. నీళ్లు తక్కువైతే కరుగుతదని మీ బావ జెప్పేటోడు. ఆనాడు అది కరిగిందా?"

బాయిలరు విప్పినప్పుడు నేనే లోపలికి తల పెట్టి చూశాను. బిళ్ళ చెక్కుచెదరలేదు. కప్పు ఇనుము మీద ఎండిన మచ్చ కూడా లేదు. అప్పటికింకా నీళ్లు కప్పు మీదే ఉన్నాయి. ఇంకెంతసేపు ఉండేవో నాకు తెలియదు, ముదీర్‌కు తెలియదు, ఎవరికీ తెలియదు. అబద్ధం చెబుదామని నోరు తెరిచాను. అక్క మొహం చూశాక అబద్ధం రాలేదు.

"కరగలేదక్కా."

అక్క ముద్ద కలపడం ఆపింది. కాసేపు రోడ్డు మీద పోయే బస్సుల్ని చూసింది.

"అయితే దుకాణందాక వచ్చేదేమో గదరా" అంది.

నేను తల వంచుకున్నాను. అక్క డబ్బాలో మిగిలిందంతా, అలవాటుగా ఇద్దరికని తెచ్చిందంతా, నా కంచంలోకి వంచేసింది.

"తిను" అంది. "సల్లారుతుంది."